పువ్వుకు చేరువగా: సమీప ఛాయాగ్రహణమున కాంతి, లోతు, ఎన్నిక

భాద్రపద మాసము ముగియవచ్చునప్పటికి కరీంనగరము చుట్టునున్న చెలకలలోను, చెరువు కట్టలమీదను, మానేరు తీరమున దున్నక విడిచిన బీళ్లలోను తంగేడు విరగబూయును. జొన్న, కంది, పత్తి చేలలో కలుపుగా మొలచిన గునుగు వెండివన్నె కంకులను పైకెత్తి నిలుచును. ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది దినములు ఆ పూలే తాంబాళములలో వరుసవరుసగా పేర్చబడి గోపురములై లేచును. నేడు దాదాపు ప్రతి యింటను ఫోనులోనిదో విడిదో ఒక కెమెరా ఉన్నది గనుక, పూలు కోసి తెచ్చిన చేతులే వాటి చిత్రములను తీయుచున్నవి. నాలుగడుగుల దూరము నుండి తీసిన బతుకమ్మ చిత్రము చక్కగనే వచ్చును. కాని ఆ చేతులే ఒక్క తంగేడు పువ్వును చట్రము నిండ చూపవలెనను కోరికతో దానిని సమీపించినప్పుడు, ఒక రేకు అంచు మాత్రము స్పష్టమై, నడుమనున్న కేసరములు మసకబారి, పసుపంతయు ఒక్క ముద్దగా మారి, వెనుకనున్న గడ్డిపోచ పువ్వుకంటె స్ఫుటముగా కనబడు చిత్రము వచ్చుట సర్వసాధారణము.

ఇట్లు జరిగినప్పుడు కొత్తగా నేర్చువారు తమ చేతినో యంత్రమునో నిందించుకొందురు. నిజమునకు ఆ చిత్రము కాంతిశాస్త్ర నియమములను తు.చ. తప్పక పాటించినది. కటకము వస్తువును సమీపించినకొలది స్పష్టముగా చూపగల లోతు తరుగును. సెన్సరును చేరు వెలుతురు తరుగును. వస్తువు యొక్క కదలిక, దాని రూపముతో పాటు, పెద్దదగును. ఈ మూడింటిలో ఏదియు ధనము వెచ్చించి తప్పించుకొనదగినది కాదు. అందువలన పువ్వులో ఏ భాగము స్పష్టముగా కనబడవలెనో, ఏది మసకలో కలిసిపోవలెనో చిత్రము తీయువారే నిర్ణయింపవలసి యుండును. ఆ నిర్ణయము సరిగా చేయుటకు పువ్వు యొక్క నిర్మాణము తెలియవలెను. సమీప ఛాయాగ్రహణమున అభివృద్ధి యనగా, నా దృష్టిలో, ఈ రెండు జ్ఞానములు ఒక్కచోట కలియుటయే.

దూరము, ఆవర్ధనము

తంగేడు పువ్వు వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లు. పూర్తి పరిమాణపు సెన్సరు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు కలిగి యుండును. పువ్వు ఆ ఎత్తు నిండుగా పట్టవలెనన్నచో దాని ప్రతిబింబము అసలు పరిమాణములో సుమారు సగముండవలెను. ఈ నిష్పత్తినే ఆవర్ధనమందురు. పువ్వెంతో ప్రతిబింబమంతయే అయినప్పుడు ఆవర్ధనము ఒకటి. వేలెడైనను లేని గడ్డిచామంతిని నింపుగా చూపవలెనన్న ఒకటికి చేరువగా పోవలెను. బతుకమ్మ మొత్తమును చూపుటకు ఇరువదవ వంతైనను అక్కరలేదు.

సాధారణ కటకము ఇంత ఆవర్ధనమును ఏల ఈయజాలదో పాఠశాలలో చదివిన కటక సూత్రమే తెలుపును. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకము కొండవంటి దూరపు వస్తువును తన వెనుక 50 మిల్లీమీటర్ల దూరమున చిత్రించును. ఆవర్ధనము ఒకటి కావలెనన్నచో పువ్వును 100 మిల్లీమీటర్ల ముందును, సెన్సరును 100 మిల్లీమీటర్ల వెనుకను ఉంచవలెను. అనగా కటకము తన మామూలు స్థానము నుండి మరి 50 మిల్లీమీటర్లు ముందునకు జరుగవలెను. సాధారణ కటకపు గొట్టము అంత దూరము జరుగునట్లు నిర్మింపబడదు. ఈ కొరతను తీర్చుటకు మార్గములు కొన్ని కలవు. కెమెరాకును కటకమునకును నడుమ బోలు గొట్టమును బిగించి ఆ దూరమును కల్పించుట ఒకటి. కటకము ముందు మరియొక కుంభాకార కటకమును తొడుగుట రెండవది. 4 డయాప్టర్ల తొడుగు కటకము నాభ్యంతరము 25 సెంటీమీటర్లు గనుక, ముఖ్య కటకమును అనంత దూరమునకు అమర్చినచో 25 సెంటీమీటర్ల దూరముననున్న పువ్వు స్పష్టముగా కనబడును. మూడవది ఈ పని కొరకే చేయబడిన మాక్రో కటకము. దీనిలో 100 మిల్లీమీటర్ల నాభ్యంతరము గలది 50 మిల్లీమీటర్లదానికంటె పువ్వునకు ఎక్కువ ఎడము నుండి అదే ఆవర్ధనమును ఈయగలదు గనుక, తన నీడ పువ్వుపై పడకుండుటకును, పువ్వుపై వాలిన తుమ్మెద బెదరకుండుటకును మేలు. మొదట నేర్చువారికి, రెండు గాజులను జతచేసి రంగుదోషమును సవరించిన మంచి తొడుగు కటకము చాలును. మాక్రో కటకము కొనుటకు ముందు తమకు ఏ దూరము నుండి తీయుట ఇష్టమో తెలిసికొనుటకు అది అవకాశమిచ్చును.

ఫోనుతో తీయువారు ఒక విషయము గమనింపవలెను. అనేక ఫోనులలో మాక్రో అను అమరిక ఆ ఫోనులోని అతివిశాల కటకమును పనికి పెట్టును. అది కొద్ది సెంటీమీటర్ల చేరువకు పోగలదు గాని, ఆ చేరువలో ఫోను నీడయే పువ్వును కప్పును. పువ్వు ముందు భాగము ఉబ్బినట్లును, వెనుక భాగము కుంచించుకొనిపోయినట్లును కనబడును. అట్టిచోట కొంత వెనుకకు జరిగి, ప్రధాన కటకముతో తీసి, తరువాత అంచులను కత్తిరించుకొనుట ఉత్తమము.

రొట్టె మందము లోతు

ఆవర్ధనము పెరిగినకొలది లోతు ఎంత వేగముగా తరుగునో కొన్ని సంఖ్యలు స్పష్టపరచును. పూర్తి పరిమాణపు సెన్సరుపై 0.03 మిల్లీమీటరు వరకు వ్యాపించిన చుక్కను కన్ను స్పష్టమైనదిగానే అంగీకరించునని సంప్రదాయముగా తీసికొందురు. ఆ లెక్కను అనుసరించి, కటకపు కాంతిద్వారమును (అపర్చరును) ఎఫ్ 8 వద్ద ఉంచినప్పుడు, ఆవర్ధనము పదవ వంతైన లోతు సుమారు 5 సెంటీమీటర్లు. నాలుగవ వంతైన 1 సెంటీమీటరు. సగమైన సుమారు 3 మిల్లీమీటర్లు. ఒకటియైన 1 మిల్లీమీటరునకు కొంచెము తక్కువ. తంగేడు పువ్వు చట్రము నిండినప్పుడు మనకు దక్కు లోతు ఒక జొన్నరొట్టె మందము మాత్రమే. ఆ రొట్టె సెన్సరునకు సమాంతరముగా గాలిలో నిలిచి యున్నదని భావించుడు. పువ్వులో దానిని తాకిన భాగము స్పష్టము, తాకనిది మసక.

ద్వారమును ఎఫ్ 16కు తగ్గించినచో లోతు రెట్టింపగును. అట్లైన ఇంకను తగ్గింపరాదా యని ప్రశ్న కలుగును. తగ్గించుటకు హద్దు వివర్తనము. కాంతి తరంగము గనుక ఇరుకైన ద్వారము గుండ పోవునప్పుడు చెదరును. బిందువు చిన్న వృత్తమగును. సమీపమున ద్వారము చెప్పిన సంఖ్యకంటె ఇరుకైనదిగా పనిచేయును: ఆవర్ధనము సగమైనప్పుడు ఎఫ్ 16 నిజమునకు ఎఫ్ 24 వలె ప్రవర్తించును, వివర్తన వృత్తపు వ్యాసము పైన చెప్పిన 0.03 మిల్లీమీటరును చేరును. అటుపై లోతు పెరిగినను చిత్రమంతయు సమానముగా మెత్తబడును. అందుచే ఎఫ్ 8, ఎఫ్ 11ల నడుమ నిలిచి, కావలసిన లోతును ద్వారముతోగాక కోణముతో సంపాదించుకొనుట మంచిది. ఇదే కారణమున వెలుతురును తరుగును: ఆవర్ధనము సగమైనప్పుడు సెన్సరును చేరునది సగముకంటె తక్కువ, ఒకటియైనప్పుడు పావు వంతు. ఫోను ద్వారము ఎఫ్ 2 చుట్టు ఉన్నను, దాని సెన్సరు చిన్నది గనుక, అదే పువ్వును అంతే నిండుగా చూపినప్పుడు దక్కు లోతు పెద్ద కెమెరాలో ఎఫ్ 8 ప్రాంతమున వచ్చుదానికి చేరువగా ఉండును. సాధారణముగా ద్వారమును మార్చు వీలు మాత్రము అందుండదు.

ఈ పలుచని పొరను కోరినచోట నిలుపుటకు స్వయంచాలక ఫోకసును నమ్ముటకంటె, ఫోకసును ఒకచోట స్థిరపరచి, శరీరమును వెంట్రుకవాసి ముందువెనుకలకు కదల్చుచు, కీలాగ్రమో పరాగకోశమో తళుక్కున తేటపడిన క్షణమున మీట నొక్కుట శ్రేష్ఠము.

తంగేటి పువ్వును చదువుట

2014లో తెలంగాణము రాష్ట్రపుష్పముగా స్వీకరించిన తంగేడును చాలమంది పిడికెళ్లకొలది కోసియుందురు గాని ఒక్క పువ్వును నిదానముగా చూచినవారు తక్కువ. అయిదు రేకులు, వాటి నడుమ పది కేసరములు. ఈ పదియు ఒక్క తీరుగా ఉండవు. పైనున్న మూడు వంధ్యములు, చిన్నవి, నడిమివి పొట్టివి, క్రిందివి పొడవై, లావుగా, కొంచెము వంగి యుండును. కీలము వీటి ప్రక్కనుండి ముందుకు సాగి, ఒక పువ్వులో ఎడమకును మరియొక పువ్వులో కుడికిని ఒరిగి యుండును. ఈ పువ్వులో మకరందము లేదు. వచ్చు కీటకమునకు లభించునది పుప్పొడియే. అదియు తేరగా దొరకదు. పరాగకోశము నిలువున చీలక కొనయందలి చిన్న రంధ్రము గుండనే పుప్పొడిని విడుచును గనుక, తుమ్మెద కేసరములను పట్టుకొని తన రెక్కల కండరములను ఝుమ్మని కంపింపజేయవలెను. అప్పుడు ఉప్పుబుడ్డి నుండి వలె పొడి రాలును. పొట్టి కేసరముల పొడిని తుమ్మెద తన కొరకు మూటకట్టుకొనును. పొడవైన కేసరముల పొడి దాని శరీరముపై ఒక ప్రక్కన అంటి, ఎదురు ప్రక్కకు వంగిన కీలము గల మరియొక పువ్వును చేరును.

ఈ కథ తెలిసినవారికి కెమెరాను ఎక్కడ నిలుపవలెనో దానంతట అదే తెలియును. పువ్వునకు ఎదురుగా నిలిచినచో రేకులు వెనుక తలమునను, కేసరముల కొనలు ముందు తలమునను ఉండి, మన రొట్టె మందము లోతు ఆ రెంటిలో ఒక్కదానికే చాలును. ప్రక్కకు జరిగి, కీలపు వంపును పొడవైన కేసరములును సెన్సరునకు సమాంతరముగా వచ్చు కోణమును వెదకినచో, పువ్వు యొక్క ప్రధాన వ్యాపారమంతయు ఆ 3 మిల్లీమీటర్లలోనే ఇమిడిపోవును. రేకులు మసకైనను అవి పసుపు నేపథ్యమై అందగించును. కీలము ఎటు ఒరిగినదో చూపదలచినచో ఎదురుగానే నిలిచి, రేకులను విడిచిపెట్టి, కేసరముల కొనలపై ఫోకసు పెట్టవలెను. ఒకే పువ్వు, రెండు ప్రశ్నలు, రెండు కోణములు.

అపురూపమైన పూలను వెదకుచు పోనక్కరలేదనుటకు జర్మనీ దేశపు కళాబోధకుడు కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ (1865–1932) చక్కని నిదర్శనము. విద్యార్థులకు రూపకల్పన నేర్పుటకై ఆయన స్వయముగా కూర్చుకొనిన కెమెరాతో సాధారణమైన అడవి మొక్కల మొగ్గలను, తీగెలను, కాండములను అనేక రెట్లు పెంచి, నిరాడంబరమైన నేపథ్యముపై చిత్రించెను. 1928లో అవి గ్రంథరూపమున వెలువడినప్పుడు కలుపు మొక్కలలో శిల్పులు ఊహింపని రేఖలున్నవని లోకము గుర్తించెను. మన బాటల ప్రక్కన కాళ్లక్రింద నలుగు గడ్డిచామంతియు అట్టిదే. ఒక్క పువ్వని మనమనుకొనునది చిన్న పూల సమూహము: అంచున చీలిన తెల్లని పలకలు గల కొన్ని పూలు, నడుమ పసుపు గొట్టములవంటి అనేకమైన పూలు. తలను పై నుండి నిట్టనిలువుగా చూచి తీసినచో ఆ అమరిక యంతయు దాదాపు ఒక్క తలమున దొరకును.

గునుగు, వెలుతురు కొలత

గునుగు కంకి వేరొక సమస్యను తెచ్చును. దానిలో వందలకొలది చిన్న పూలు క్రింది నుండి పైకి వరుసగా విచ్చును. కొననున్న లేతవి గులాబి రంగున, క్రింద ముదిరినవి వెండి తెలుపున ఉండును. వాటి పరిపత్రములు నీరులేని పొడి కాగితమువలె ఉండుట చేతనే కోసిన తరువాతను వన్నె చెడక, బతుకమ్మ కొరకు ముందుగా కోసి, ఎండబెట్టి, రంగులద్దుటకు అనువగుచున్నవి. పొడి పొర గనుక వెలుతురు దానిగుండ పోవును. సూర్యుడు కంకికి వెనుక, కొంచెము ప్రక్కగా ఉండునట్లు నిలిచి చూచినచో ప్రతి పరిపత్రపు అంచును వెలుగుగీతతో తీర్చినట్లు కనబడును. సూర్యుడు మన వీపు వెనుకనున్నచో అదే కంకి సున్నము పూసినట్లు చదునుగా వచ్చును.

ఇక్కడ కెమెరా చేయు లెక్కను తెలిసికొనవలెను. చట్రములోనున్నదంతయు సగటున మధ్యమ బూడిద వన్నె కలదని యెంచి అది వెలుతురును నిర్ణయించును. నల్లని రేగడి నేల నేపథ్యమున తెల్లని కంకి సన్నగా నిలిచియున్నచో, కెమెరా ఆ నలుపును బూడిద చేయబోయి కంకిని తెల్లని మచ్చ చేయును; వెలుతురును ఒక మెట్టులో (స్టాపులో) మూడింట రెండు వంతులో, ఒక పూర్తి మెట్టో తగ్గింపవలెను. చట్రమంతయు తెల్లని కంకులే నిండియున్నచో కెమెరా తెలుపును బూడిద చేయును. అప్పుడు ఒక మెట్టు పెంపవలెను. ఫోనులలోను తెరపై తాకి వెలుతురును పెంచు తగ్గించు వీలు కలదు.

మోదుగ ఎరుపు, పత్తి గులాబి

ఫాల్గుణము వచ్చుసరికి ఆదిలాబాదు అడవులలో ఆకు రాల్చిన మోదుగ చెట్లు కొమ్మ కొమ్మన అగ్నివర్ణము దాల్చును. హోళీకి ఆ పూలను ఉడికించి రంగు తీయుదురు. చిక్కుడు కుటుంబపు పువ్వు గనుక దీనికి ధ్వజము, రెండు బాహువులు, చిలుక ముక్కువలె వంగిన ద్రోణి ఉండును. నల్లని మఖమలువంటి రక్షకపత్రావళి నుండి అవి వెలువడును. రేకుల వెలుపల వెండివన్నె నూగు కలదు. పక్షులు వచ్చి తేనె గ్రోలును. ఈ వంపు ప్రక్క నుండియే కనబడును. నూగు ఏటవాలు వెలుగులోనే కనబడును.

ఈ పువ్వును తీసినప్పుడు నూగు, ఈనెలు అన్నియు మాయమై ఎర్రని అచ్చు మాత్రము మిగులుట నేర్చువారికి కలుగు సాధారణ నిరాశ. కారణము సెన్సరు నిర్మాణములో నున్నది. కోడక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో హక్కు పొందిన అమరిక ప్రకారము, సెన్సరుపైని గడులలో సగము ఆకుపచ్చ కాంతిని, పావు వంతు ఎరుపును, పావు వంతు నీలమును గ్రహించును. మోదుగ నుండి వచ్చునది ప్రధానముగా ఎరుపు. ఆ పావు వంతు గడులే చిత్రమంతటి భారమును మోయుచు, మిగిలినవాటికంటె ముందు నిండి పొర్లును. నిండిన గడికి హెచ్చుతగ్గులు తెలియవు, వివరము నశించును. కెమెరా చూపు సగటు వెలుతురు పటము (హిస్టోగ్రాము) బాగుగనే ఉన్నట్లు తోచవచ్చును గనుక, రంగుల వారీగా విడివిడి పటములను చూచి, ఎరుపు కుడి అంచును తాకకుండునంతవరకు వెలుతురును తగ్గింపవలెను. తంగేడునకును ఇదే చిక్కు: పసుపులో ఎరుపును ఆకుపచ్చయు రెండును ఒక్కసారి నిండును.

మన పూర్వులకు ఈ చిక్కు విలోమముగా ఉండెడిది. 1880లలో సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా ప్రసిద్ధినందిన రాజా దీన్‌దయాళ్ కాలమున, సాధారణ ప్లేటు నీలి కాంతినే ప్రధానముగా గ్రహించెడిది. హెర్మన్ ఫోగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1873లో అద్దకపు రంగులను కలిపి ప్లేటునకు ఆకుపచ్చను చూచు శక్తినిచ్చెను గాని, ఎరుపును సైతము గ్రహించు ప్లేట్లు విపణికి వచ్చుటకు ఇరువదవ శతాబ్దము రావలసి వచ్చెను. అట్టి పాత ప్లేటుపై నిప్పువంటి మోదుగ దాదాపు నల్లగా పడియుండెడిది.

పత్తి పువ్వు రంగు మరియొక పాఠము నేర్పును. ఆదిలాబాదు రేగడి చేలలో పునాస పత్తి పూతకు వచ్చినప్పుడు, ఉదయమున విచ్చిన పువ్వు మీగడ తెలుపున ఉండి, పొద్దు వాలువేళకు లేత గులాబిగా మారి, మరునాటికి ముదురు గులాబియై వాడును. రంగే ఆ పువ్వు వయస్సు. ఆకుల నీడలో వడకట్టబడిన వెలుగు ఆకుపచ్చగాను, బయలు నీడలో ఆకాశపు వెలుగు నీలముగాను ఉండును గనుక, కెమెరా రంగును తానే సర్దినప్పుడు తెల్లని పువ్వు పచ్చబారవచ్చును, గులాబి వెలవెలబోవచ్చును. పువ్వు ప్రక్కన తెల్లకాగితమునుంచి ఒక చిత్రము ముందుగా తీసి, దానినిబట్టి తెలుపును నిర్ణయించుకొనినచో చిత్రము పువ్వు వయస్సును గూర్చి అసత్యము చెప్పదు. చేలోనికి పోవుటకు ముందు రైతును అడుగుట మర్యాద మాత్రమే కాదు. మందు కొట్టిన చేలో మోకాళ్లపై కూర్చుండుట ఆరోగ్యమునకు హానికరము.

గాలి, పొద్దు

సగపు ఆవర్ధనమున పువ్వు సెకనునకు 2 సెంటీమీటర్లు ఊగినదనుకొందము. అది మెల్లని ఊగుటయే. కాని ప్రతిబింబము సెన్సరుపై సెకనునకు 10 మిల్లీమీటర్లు జరుగును. షట్టరు సెకనులో నూరవ వంతు తెరచియున్నచో 0.1 మిల్లీమీటరు చెదరును. ఇది మనము అంగీకరించిన 0.03కు మూడు రెట్లకు పైబడినది. అయిదువందలవ వంతున తెరచినచో 0.02 మాత్రమే చెదరును. ద్వారమును తగ్గించి, షట్టరు వేగమును పెంచిన తరువాత చాలని వెలుతురునకు ఐ.ఎస్.ఒ.ను పెంచుట తప్పదు. కొంచెము గరుకుతనమునకు జంకి, చెదరిన చిత్రముతో ఇంటికి చేరుట అవివేకము.

గాలిని జయించుటకు శ్రేష్ఠమైన ఉపాయము పొద్దు ఎన్నిక. రాత్రి నేల తన వేడిని ఆకాశమునకు విడిచి చల్లబడును. దానినంటిన గాలిపొర బరువై నేలమీద కదలక పడియుండును. సూర్యుడెక్కి నేల వేడెక్కినకొలది ఆ పొర చెదరి, పైగాలి క్రిందికి దిగును. కావున సూర్యోదయము తరువాతి తొలి గంట సహజముగా నిశ్చలము. చలికాలమున ఆదిలాబాదున ఈ నిశ్చలత ఇంకను ఎక్కువసేపు నిలుచును. మంచు బిందువులు రేకులపై నిలిచి, ప్రతి బిందువును ఒక చిన్న కటకమై, వెనుకనున్న పువ్వును తలక్రిందుగా చూపును. బిందువులోని ఆ బొమ్మ స్పష్టము కావలెనన్న బిందువు అంచుపై గాక ఆ బొమ్మపైననే ఫోకసు పెట్టవలెను.

మిగిలిన ఉపాయములు సులభములు. పువ్వు ప్రక్కన పుల్లను గ్రుచ్చి, బట్టల క్లిప్పుతో కాడను మెత్తగా దానికి ఆనించుట. గాలి వచ్చు దిక్కున అట్టను నిలుపుట. చిన్న సంచిలో బియ్యము పోసి దానిపై కెమెరానో ఫోనునో ఆన్చి, రెండు సెకనుల టైమరుతో తీయుట. గడ్డిలో కూర్చుండుటకు ముందు నేలను కఱ్ఱతో తట్టి చూచుట అలవాటు చేసికొనవలెను. వయ్యారిభామ గుబురుల దాపున చాలసేపు ఉండరాదు.

పరచిన వెలుతురు

నడిమింటి సూర్యుడు ఆకాశమున అర డిగ్రీ వెడల్పు గల చిన్న బిళ్ల. చిన్న దీపము గట్టి నీడను వేయును. తంగేడు కేసరముల నీడలు రేకులపై నల్లని గీతలై పడును. పలుచని తెల్లని మల్లుగుడ్డను చట్రమునకు బిగించి పువ్వునకు అడుగు దూరమున పట్టినచో, పువ్వు దృష్టిలో ఆ గుడ్డయే పెద్ద ఆకాశమగును, నీడలు మెత్తబడును. గుడ్డను దూరము జరిపినకొలది నీడ మరల గట్టిపడును. నీడ వైపున తెల్ల కాగితమును పట్టినచో వెలుగు తిరిగి వచ్చి లోతట్టును చూపును.

వెలుగు ఏటవాలుగా పడుట మేలనుటకు రేకు నిర్మాణమును కారణము. అనేక పూల రేకుల పైపొరలోని కణములు శంకువులవలె పైకి ఉబికి యుండును. అవి కాంతిని లోనికి మళ్లించి రంగును చిక్కన చేయును. కీటకముల కాళ్లకు పట్టునిచ్చును. మన కంటికి మఖమలు నునుపుగా తోచును. మితిమీరిన ఎదురు వెలుగున ఈ మెత్తదనము నశించును.

నేపథ్యమును గూర్చి చెప్పవలసినది కొంచెమే. పువ్వునకు వెనుకనున్నది ఎంత దూరమున ఉన్న అంత మెత్తగా కరగును. ఇంత చేరువలో కెమెరాను బెత్తెడు ప్రక్కకు జరిపినను వెనుకటి దృశ్యము పూర్తిగా మారును గనుక, ఎండుటాకు అడ్డము వచ్చినప్పుడు దానిని పెరుకుటకంటె మనమే జరుగుట సులభము, న్యాయము.

ఇప్పచెట్టు క్రింద

న్యాయమను మాట ఆదిలాబాదున మరింత బరువు గలది. వేసవి తొలి దినములలో ఇప్పచెట్టు తెల్లవారకమునుపే తన పూలను రాల్చును. తీయని రసముతో బరువెక్కిన లేత పసుపు రేకుల గొట్టములు చెట్టుక్రింద పరచుకొనును. గోండు, కొలాము గూడెముల స్త్రీలు చీకటితోనే వచ్చి వాటిని ఏరుకొందురు. ఎండబెట్టి నిలువ చేసికొందురు. ఉట్నూరు ప్రాంతమున ఇప్పపూల లడ్డూలు చేయు మహిళా సంఘములు నేడు పేరు గాంచినవి. ఆ చెట్టు క్రింది నేల వారి కళ్లము. మంచి కోణము కొరకు పూలను త్రొక్కుటగాని, వారి అనుమతి లేక వారిని చట్రములోనికి తెచ్చుటగాని తగదు. 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడిన కవ్వాలు అడవిలోనికి అటవీశాఖ అనుమతితోనే పోవలెను. కంటికి కనబడిన ప్రతి పువ్వును కోసి ఇంట బల్లపై పెట్టి తీయుట కూడ వలదు. కాడనున్న పువ్వే తాను ఎటు తిరిగి, ఎవరి రాక కొరకు ఎదురుచూచుచున్నదో చెప్పగలదు.

చిత్రము నుండి పరిశీలన

మార్లవాయి గూడెమున గోండులతో కలిసి నివసించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ 1940లలో తీసిన ఆదిలాబాదు చిత్రములు నేటికిని పరిశోధకులకు పనికివచ్చుచున్నవి. వాటిలోని మనుష్యులు, వారి పనులు, వారి ఊరు ఆయనకు తెలిసినవి గనుకనే అవి సాక్ష్యములుగా నిలిచినవి. పూల చిత్రమునకును ఇదే ధర్మము వర్తించును. వృక్షశాస్త్రజ్ఞులు కాగితములనడుమ అదిమి దాచిన మొక్కలో ఆకారము నిలుచును గాని రంగు వెలిసిపోవును, పువ్వు నిలిచిన తీరు పోవును. తేది, స్థలము, మొక్క పేరు, వేళ వ్రాసియుంచిన సమీప చిత్రము ఆ లోపమును కొంత పూరించును. మోదుగ మీ ఊరిలో ఏటేట ఏ వారమున తొలి పువ్వు విచ్చుచున్నదో అట్టి చిత్రములే చెప్పగలవు.

నేర్చువారు తొలుత చేయదగిన అభ్యాసమొకటి ఈ అధ్యాయములోని విషయములన్నిటిని ఒక్కచోట చేర్చును. రాబోవు బతుకమ్మ దినములలో ఇంటికి దగ్గరనున్న ఒక్క తంగేడు చెట్టును ఎన్నుకొనుడు. తెల్లవారిన తొలి గంటలో, మల్లుగుడ్డ నీడన, ఎఫ్ 8 లేక ఎఫ్ 11 వద్ద, పసుపు పొర్లకుండ వెలుతురును తగ్గించి, ఆ చెట్టున విచ్చిన పూలనన్నిటిని ఒక్కొక్కటిగా ఎదురు నుండి తీయుడు. ప్రతి చిత్రమునను ఫోకసు కీలాగ్రముపైననే ఉండవలెను. ఇంటికి వచ్చి, కీలము ఎడమకు వంగినవెన్ని, కుడికి వంగినవెన్ని లెక్కించి వ్రాసికొనుడు. మసకబారిన చిత్రము లెక్కకు రాదు గనుక, స్పష్టత ఎందుకు కావలెనో, ఎక్కడ కావలెనో ఆ లెక్కయే మీకు నేర్పును; మరునాడు వేరొక చెట్టు వద్దకు పోవునప్పుడు చేయి, కన్ను, కటకము మూడును ఒక్క ప్రశ్న చుట్టు పనిచేయును. తంగేడునకు చాలినంత సమయమిచ్చి ఈ పని నేర్చినవారికి గునుగును, మోదుగయు, అడవిలోని ఏ పేరెరుగని పువ్వును తన తలమేదో, తన వేళ ఏదో తానే చూపును.